సోర్స్ కోడ్ బయటికి కనిపిస్తే కంప్యూటర్ భద్రంగా ఉన్నట్టేనా?

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు, ఫైళ్లని కుదించి విప్పే విన్‌రార్ ప్రోగ్రామ్‌లో ఒక పెద్ద లోపాన్ని బయటపెట్టారు. ఏస్ అనే పాత రకం కంప్రెస్డ్ ఫైలుని విప్పేటప్పుడు, ఆ ఫైలు తయారుచేసినవాడు తనకి నచ్చిన ఫోల్డర్‌లో ఒక ప్రోగ్రామ్‌ని పడేయగలడు. విండోస్ మొదలవగానే వాటంతటవే నడిచే ప్రోగ్రాములు ఉండే స్టార్టప్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు, తర్వాతిసారి కంప్యూటర్ ఆన్ చేయగానే అది నడుస్తుంది. లోపం వయసు దాదాపు 19 ఏళ్లు. పాత లోపాలు బయటపడటం కొత్తేమీ కాదు. అసలు ఆలోచించాల్సింది ఆ తర్వాత జరిగింది. ఏస్ ఫైళ్లని విప్పే లైబ్రరీ, అంటే ఆ పని చేసే రెడీమేడ్ కోడ్, విన్‌రార్ వాళ్లు రాసింది కాదు, బయటి నుంచి తెచ్చుకున్నది. 2005 తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం, విన్‌రార్ వాళ్ల దగ్గర కూడా లేదు. బాగుచేసే దారి లేక ఆ లైబ్రరీనే పీకేశారు. 5.70 వెర్షన్ నుంచి ఏస్ ఫైళ్లు తెరిచే సదుపాయమే లేకుండా పోయింది.

సోర్స్ కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ పద్ధతిని సమర్థించేవాళ్లకి ఇంతకన్నా బలమైన ఉదాహరణ దొరకదు. కోడ్ అందరి దగ్గరా ఉంటే ఎవరో ఒకరు సరిచేసేవాళ్లు కదా అంటారు. నిజమే. అయితే ఇదే పని చేసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ 7-జిప్ సంగతి కూడా చూడాలి. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైలుకి విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. దాన్ని తెరవబోతే "ఇది బయటి నుంచి వచ్చింది" అని హెచ్చరించేది, వర్డ్ ఫైలైతే ఎడిటింగ్‌కి వీల్లేని రక్షిత పద్ధతిలో తెరిచేది ఆ గుర్తుని చూసే. జిప్ ఫైలుకి ఉన్న గుర్తు, విప్పాక లోపలి ఫైళ్లకీ అందాలి. 7-జిప్‌లో 2022 దాకా ఆ ఏర్పాటు లేదు. 22.00 వెర్షన్‌లో వచ్చినప్పుడు కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత, ఒక కంప్రెస్డ్ ఫైలు లోపల ఇంకోటి పెడితే ఆ గుర్తు పోతోందని తేలింది. దాన్ని 2024 చివర్లో 24.09 వెర్షన్‌తో సరిచేశారు.

ఒక ప్రోగ్రామ్‌కి బాగుచేయడానికి కోడే లేదు. రెండోదానికి కోడ్ అందరి కళ్లముందూ ఉన్నా, ఉండాల్సిన రక్షణ ఏళ్ల తరబడి చేరలేదు. రెండిటికీ ఉమ్మడి బలహీనత ఒకటుంది: ఏదీ తనంతట తాను అప్‌డేట్ కాదు. వాడేవాళ్లు గుర్తుపెట్టుకుని కొత్త వెర్షన్ దించుకోకపోతే పాత లోపం ఆ మెషీన్‌లో అలాగే ఉండిపోతుంది. 2025 జులైలో విన్‌రార్ 7.13 వెర్షన్‌తో మూసిన మరో లోపం కూడా ఫైలుని కోరుకున్న చోట పడేసే రకమే. లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ రాకముందే దాడులు చేసేవాళ్లు దాన్ని వాడేసుకున్నారు.

కోడ్ తెరిచి ఉంచడం వల్ల వచ్చేది తనిఖీ చేసే అవకాశం. అది చాలా విలువైన అవకాశం. కానీ దాన్ని ఎవరైనా వాడుకున్నారా, దొరికిన తప్పుని దిద్దే మనుషులున్నారా, దిద్దిన కోడ్ మన కంప్యూటర్ దాకా వస్తోందా అన్నవి వేరే ప్రశ్నలు. సొంత కంప్యూటర్ భద్రత లైసెన్స్ (కోడ్ తెరిచిందా మూసిందా అన్నది) మీద కన్నా ఈ మూడిటి మీదే ఎక్కువగా నిలబడుతుంది.

గీత ఎక్కడ గీయాలి?

పోలిక మొదలుపెట్టే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పూర్తిగా ఒకే వైపు ఉన్న కంప్యూటర్ దాదాపు ఎక్కడా కనబడదు. విండోస్ ప్రొప్రయిటరీయే, అంటే కోడ్ కంపెనీ దగ్గరే ఉంటుంది, కానీ అందులో కర్ల్, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు 2018 నుంచీ కలిసే వస్తున్నాయి. 2023లో విండోస్ 11కి రార్ ఫైళ్లు తెరిచే సామర్థ్యం వచ్చింది లిబ్‌ఆర్కైవ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ పుణ్యమే. క్రోమ్ బ్రౌజర్ ప్రొప్రయిటరీ, దానికి పునాది అయిన క్రోమియం ఓపెన్ సోర్స్. అటు ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకున్నవాళ్ల కంప్యూటర్‌లో కూడా ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్, వైఫై చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్, ఎస్‌ఎస్‌డీ లోపలి ప్రోగ్రామ్ మూసిన పెట్టెలే. ఉచితంగా దొరికే ప్రతిదీ ఓపెన్ సోర్స్ కాదన్నది వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి కంప్యూటర్ మొత్తానికి కలిపి ఒకే తీర్పు ఇవ్వడం కుదరదు. ఒక్కో ప్రోగ్రామ్‌నీ విడిగా తూచాలి.

చూసే కళ్లకి జీతం ఎవరిస్తారు?

చాలా కళ్లు చూస్తే ఏ లోపమూ దాగదని ఓపెన్ సోర్స్ లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ 2014 ఏప్రిల్ 7న తగిలింది. వెబ్‌సైట్లకీ బ్రౌజర్లకీ మధ్య సంభాషణని ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడిన రోజది. లోపం చాలా చిన్నది. కనెక్షన్ బతికే ఉందా అని చూసుకోవడానికి ఒక వైపు కొంత డేటా, దాని పొడవు ఎంతో పంపుతుంది. రెండో వైపు అదే డేటాని తిరిగి పంపాలి. చెప్పిన పొడవు నిజమేనా అని కోడ్ సరిచూసుకోలేదు. ఒక్క అక్షరం పంపి "ఇది 64 కేబీ" అని అబద్ధం చెబితే, సర్వర్ తన మెమొరీలో పక్కన ఏముందో అది, పాస్‌వర్డులైనా సరే, రహస్య తాళంచెవులైనా సరే, 64 కేబీ వరకూ తీసి ఇచ్చేసేది. ఈ కోడ్ 2012 మార్చిలో విడుదలైంది. రెండేళ్లపాటు ఎవరైనా చదవగలిగే చోటే ఉంది.

ఎందుకు దొరకలేదు? చదివేవాళ్లు లేరు కాబట్టి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగం ఆధారపడిన ఆ ప్రాజెక్టుకి విరాళాల రూపంలో ఏడాదికి వస్తున్నది సుమారు 2,000 డాలర్లు. పూర్తి సమయం పనిచేసే మనుషులు దాదాపు లేరు. దానిమీద కోట్లు సంపాదించే కంపెనీలు, ఎవరో చూసుకుంటున్నారులే అని ఊరుకున్నాయి. హార్ట్‌బ్లీడ్ తర్వాతే లినక్స్ ఫౌండేషన్ ద్వారా పెద్ద కంపెనీలు డబ్బు పెట్టడం మొదలైంది. ఇక్కడ ఓపెన్ సోర్స్ గొప్పదనం ఒకటి కూడా చెప్పి తీరాలి: అదే ఏడాది ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఆ కోడ్‌ని తీసుకుని, అక్కర్లేనిదంతా కత్తిరించి లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ తయారుచేసింది. గూగుల్ తన సొంత అవసరాలకి బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ చేసుకుంది. తప్పు చేసినవాళ్లే దిద్దేదాకా ఎదురుచూడాల్సిన పని ఎవరికీ లేకపోయింది. విన్‌రార్ వాళ్లకి ఏస్ లైబ్రరీ విషయంలో లేనిది సరిగ్గా ఈ స్వేచ్ఛే.

మూసిన కోడ్ వైపు కళ్లకి జీతాలు ఉంటాయి. పరీక్షలు చేసే బృందాలు, లోపం చూపించినవాళ్లకి బహుమతులు, నెలనెలా ప్యాచ్‌లు ఉంటాయి. అయినా ఫలితం అనుకున్నంత తేడాగా ఉండదు. 2021 ఫిబ్రవరిలో విండోస్ డిఫెండర్‌లో ఒక లోపం బయటపడింది. మామూలు యూజర్‌గా లోపలికి వచ్చినవాడు దాని సాయంతో పూర్తి అధికారం సంపాదించుకోవచ్చు. అది 12 ఏళ్లు ఎవరికీ కనబడకుండా ఉంది. మరుసటి ఏడాది జనవరిలో లినక్స్ డిస్ట్రోలు (లినక్స్ రకాలు) దాదాపు అన్నిటిలో ఉండే పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్‌లో అలాంటిదే మరో లోపం దొరికింది. దాని వయసూ 12 ఏళ్లు దాటింది. ఒకటి ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ కాపలాలో ఉన్న కోడ్, రెండోది ఎవరైనా తెరిచి చూడగల కోడ్. రెండూ ఒకే కాలంలో పుట్టి దాదాపు ఒకే కాలంలో పట్టుబడ్డాయి.

ఇంకో సారూప్యత ఇంతకన్నా ఎక్కువ చెబుతుంది. తమ ఉత్పత్తుల్లో ఏటా నమోదయ్యే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమొరీని తప్పుగా వాడటం వల్ల వచ్చేవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమియం ప్రాజెక్టు 2020లో తన తీవ్రమైన లోపాల లెక్క తీస్తే అక్కడా సుమారు 70 శాతమే తేలింది. ఒకటి మూసిన కోడ్, ఒకటి తెరిచిన కోడ్. లెక్క మాత్రం ఒకటే, ఎందుకంటే రెండూ ఎక్కువగా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసినవి. ఆ భాషల్లో ఒక చిన్న లెక్క తప్పితే మెమొరీలో పక్క గది తలుపు తెరుచుకుంటుంది. లైసెన్స్ గురించి గొంతు చించుకునే చర్చల్లో ఈ సంగతి అసలు వినబడదు. రస్ట్ లాంటి భాషలోకి మార్చడం, బ్రౌజర్ ట్యాబుల్ని విడివిడి శాండ్‌బాక్సుల్లో బంధించడం లాంటి పనులు కోడ్ ఎవరిదైనా మేలు చేస్తాయి.

దాచితే దాగుతుందా?

కోడ్ దాచిపెడితే దొంగకి దారి తెలియదని రెండో వైపు వాదన. రహస్య లిపుల విషయంలో దీనికి 1883లోనే అగుస్ట్ కెర్క్‌హాఫ్స్ జవాబు చెప్పారు: పద్ధతి శత్రువు చేతిలో పడినా నష్టం లేనట్టుగా ఉండాలి, రహస్యంగా ఉండాల్సింది తాళంచెవి ఒక్కటే. ఇవాళ హార్డ్‌డిస్క్ నుంచి బ్యాంకు లావాదేవీల దాకా కాపాడుతున్న ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ ఆ దారిలోనే పుట్టింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లో బహిరంగ పోటీ పెట్టింది. 15 పద్ధతులు బరిలో నిలిచాయి. ప్రపంచంలోని నిపుణులందరూ వాటిని విరగ్గొట్టడానికి ప్రయత్నించారు. 2001లో బెల్జియం నిపుణులు ఇద్దరు రూపొందించిన పద్ధతి ప్రమాణంగా ఖాయమైంది. ఎన్‌క్రిప్షన్ విషయంలో "మా సొంత రహస్య పద్ధతి" అని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే ఆ ప్రోగ్రామ్‌కి దూరంగా ఉండటమే మేలు.

మిగతా సాఫ్ట్‌వేర్‌కి వస్తే, కోడ్ కనబడకపోవడం దాడి చేసేవాళ్లని కొంత నెమ్మదింపజేస్తుంది, ఆపలేదు. కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ వాళ్ల చేతిలోనే ఉంటుంది. దాన్ని విడగొట్టి చదవడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. ప్యాచ్ వచ్చిన రోజునే పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో చూసి, లోపం ఎక్కడుందో పట్టేస్తారు. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గర విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే ఆయుధం ఉండేది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ విడుదల చేసింది. ఏప్రిల్ 14న ఆ ఆయుధం ఇంటర్నెట్‌లోకి లీకైంది. మే 12న, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ర్యాన్సమ్‌వేర్ దాన్ని వాడుకుని సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లని తాకింది. మూసిన కోడ్ ఏళ్ల తరబడి ఆ లోపాన్ని దాచింది వాడేవాళ్ల నుంచే. దాడి చేసేవాళ్లు దాన్ని ఎలాగూ కనుక్కున్నారు. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా అనాలి: ప్యాచ్ రెండు నెలల ముందే వచ్చింది. దాన్ని వేసుకున్న కంప్యూటర్లకి ఈ దారిన ఏమీ కాలేదు.

అర సెకను ఆలస్యం

ఓపెన్ సోర్స్ బలం, బలహీనత రెండూ ఒకేచోట కనబడే సంఘటన 2024 మార్చి 29న బయటికొచ్చిన ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్, అంటే దొంగదారి. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

ఎక్స్‌జెడ్ యుటిల్స్ ఫైళ్లని కుదించే చిన్న ప్రోగ్రామ్. లినక్స్ కంప్యూటర్లలో దాదాపు అన్నిటిలో ఉంటుంది. దాన్ని ఒకే మనిషి, జీతం లేకుండా, ఖాళీ సమయంలో చూసుకునేవారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి రెండేళ్లకు పైగా మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించారు. మరోపక్క, కొన్ని కొత్త ఖాతాలు "పనులు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి బాధ్యత ఇవ్వండి" అని ప్రోగ్రామ్‌ని చూసుకునే ఆ మెయింటెయినర్ మీద ఒత్తిడి తెచ్చాయి. చివరికి జియా టాన్‌కి విడుదలలు చేసే అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0, మార్చిలో వచ్చిన 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దాన్ని దాచిన తీరు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కుదింపు ప్రోగ్రామ్‌ని పరీక్షించడానికి కావాలనే పాడుచేసిన ఫైళ్లు ఉంచుకుంటారు. వాటిని తెరిచి చదివేవాళ్లెవరూ ఉండరు, చదివినా అర్థంలేని చెత్తలా కనబడుతుంది. దొంగ కోడ్‌ని అలాంటి ఫైళ్లలోనే పెట్టారు. దాన్ని బయటికి తీసి ప్రోగ్రామ్‌లో కలిపే మీటని విడుదల ప్యాకేజీలో మాత్రమే చేర్చారు. గిట్‌లో, అంటే అందరూ చూసే కోడ్‌లో, అది లేదు.

కాబట్టి "కోడ్ అంతా కళ్లముందే ఉంది" అన్న ధీమా ఇక్కడ తేలిపోయింది. చూసిన కోడ్ వేరు, కంప్యూటర్లకి చేరిన కోడ్ వేరు.

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ డెవలపర్. ఏదో వేగం పరీక్షలు చేస్తుంటే, దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మామూలుకన్నా అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించి, ఎందుకా అని తవ్వుకుంటూ పోయారు. అదృష్టం కలిసొచ్చిందన్నది నిజం. కానీ అంతా అదృష్టం కాదు. భద్రత ఆయన వృత్తి కాదు, ఆ ప్రాజెక్టుతో ఆయనకి సంబంధం లేదు, ఎవరి అనుమతీ అడగలేదు. అయినా అనుమానం వచ్చిన చోటు నుంచి మూలం దాకా వెళ్లగలిగారు. డెబియన్, ఫెడోరా అనే లినక్స్ డిస్ట్రోల ప్రయోగ దశ వెర్షన్లలోకి చేరిన ఆ బ్యాక్‌డోర్, ఎక్కువమంది వాడే స్థిరమైన వెర్షన్లకి చేరకముందే ఆగిపోయింది. పూర్తి కథ రోజుల్లో ప్రపంచానికి తెలిసిపోయింది.

ఇదే మూసిన సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎలా ఉంటుందో 2017లో కంప్యూటర్‌ని శుభ్రం చేసే సీక్లీనర్ ప్రోగ్రామ్ చూపించింది. దాని 5.33 వెర్షన్‌లో మాల్వేర్ కలిసిపోయింది. కంపెనీ సొంత డిజిటల్ సంతకంతో, సొంత సర్వర్ నుంచి, సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకి చేరింది. బయటి పరిశోధకులే దీన్నీ పట్టుకున్నారు. కానీ మాల్వేర్ కంపెనీ లోపలికి ఎలా వచ్చిందన్నది కంపెనీ చెబితేనే తెలిసింది. 2020లో నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ చేసే సోలార్‌విండ్స్ దగ్గరా ఇదే తంతు. సుమారు 18,000 సంస్థలు సంతకం ఉన్న కలుషిత అప్‌డేట్‌ని నమ్మి వేసుకున్నాయి. దొంగ చొరబడటం రెండు వైపులా జరుగుతుంది. జరిగాక బయటివాళ్లు ఎంత లోతుకి వెళ్లగలరన్న దగ్గర మాత్రం తెరిచిన కోడ్‌దే పైచేయి.

తయారుచేసినవాళ్లే దొంగచూపు చూస్తే

పొరపాటున వచ్చిన లోపాల కన్నా బాధ కలిగించేవి కావాలని పెట్టినవి. 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు కంప్యూటర్‌లో పెడితే, కాపీ చేయకుండా ఆపే పేరుతో తనని తాను దాచుకునే రూట్‌కిట్ ఒకటి చెప్పాపెట్టకుండా ఎక్కేసేది. ఒక ప్రత్యేక గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా అది విండోస్‌కి కనబడకుండా దాచేది. తమ ఫైళ్లకీ అదే గుర్తు పెట్టుకుని మాల్వేర్ రాసేవాళ్లు ఆ చాటున దూరారు. 2015లో లెనోవో కొన్ని ల్యాప్‌టాపులతో పాటు సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్‌ని ఇచ్చిందని తేలింది. సురక్షిత వెబ్‌సైట్ల మధ్యలోకి దూరడానికి అది అన్ని ల్యాప్‌టాపుల్లోనూ ఒకే రహస్య తాళంచెవి పెట్టింది. ఆ తాళంచెవి బయటికొచ్చాక, అదే వైఫైలో ఉన్న ఎవరైనా బ్యాంకు సైటులా నటించే వీలు కలిగింది. ఇక కాపాడాల్సిన యాంటీవైరస్సే బ్రౌజింగ్ వివరాలు అమ్ముకున్నందుకు 2024 ఫిబ్రవరిలో అవాస్ట్ మీద అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ కోటీ 65 లక్షల డాలర్ల చెల్లింపు మోపింది.

కోడ్ తెరిచి ఉంటే ఇలాంటివి పెట్టడానికి జంకుతారు, పెడితే ఎవరో ఒకరు తీసేసి వేరే వెర్షన్ విడుదల చేస్తారు. ప్రొప్రయిటరీ సాఫ్ట్‌వేర్‌కి ఇక్కడ సరైన సమాధానం లేదు. కానీ ఓపెన్ సోర్స్ అన్న పేరు కూడా ప్రతిసారీ కాపాడదు. 20 లక్షల మందికి పైగా వాడిన గ్రేట్ సస్పెండర్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఓపెన్ సోర్సే. 2020లో దాని యజమాని మారారు. స్టోర్‌లో పెట్టిన వెర్షన్‌లో, బయటికి చూపించే కోడ్‌లో లేని మార్పులు చేరాయి. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్ అని తీసేసింది.

దించుకునే దారి, అప్‌డేట్ వచ్చే దారి

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌ని హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింకుని బ్యాక్‌డోర్ ఉన్న కాపీ వైపు మళ్లించారు. ఆ రోజు దించుకున్నవాళ్లకి అసలు కోడ్ ఎంత స్వచ్ఛంగా ఉన్నా ఉపయోగం లేదు. 2023లో కీపాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ పేరుతో గూగుల్‌లో ఒక నకిలీ ప్రకటన వచ్చింది. అడ్రస్‌లో మొదటి అక్షరం కింద ఒక చిన్న చుక్కలాంటి గీత తప్ప అసలు సైటుకీ దానికీ తేడా లేదు. సెర్చ్‌లో పైన కనబడిన లింకు నొక్కి ప్రోగ్రామ్ దించుకునే అలవాటు మానుకోవడం, ఓపెన్ సోర్సా కాదా అని ఆలోచించడం కన్నా ముందు చేయాల్సిన పని. చూసిన కోడ్ నుంచే ఈ ప్రోగ్రామ్ తయారైందని ఎవరైనా సరిచూసుకునేలా ఉండాలని డెబియన్ వాళ్లు 2013 నుంచీ చేస్తున్న కృషి, అంటే ఒకే కోడ్ నుంచి ఎవరు తయారుచేసినా అక్షరం తేడా లేకుండా అదే ఫైలు వచ్చేలా చేయడం, ఈ విభాగంలో అన్నిటికన్నా ఆశ కలిగించేది. బయటివాళ్లకి కోడే అందని ప్రొప్రయిటరీ సాఫ్ట్‌వేర్‌తో అది కుదరదు.

అప్‌డేట్ల విషయంలో లినక్స్ డిస్ట్రోలు ఒక మంచి దారి చూపించాయి. సిస్టమ్, బ్రౌజర్, జిప్ ప్రోగ్రామ్, పీడీఎఫ్ రీడర్ అన్నీ ఒకే చోటు నుంచి, సంతకం సరిచూసుకుని, ఒకేసారి అప్‌డేట్ అవుతాయి. విండోస్ తనని తాను బాగానే అప్‌డేట్ చేసుకుంటుంది. మనం విడిగా దించి వేసుకున్న ప్రోగ్రాముల్లో కొన్నిటికి సొంత అప్‌డేటర్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఆ ఖాళీలోంచే ప్రమాదం వస్తుంది. 2022లో లాస్ట్‌పాస్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి కస్టమర్ల వాల్టుల (పాస్‌వర్డులు దాచిన పెట్టెల) బ్యాకప్‌లు దొంగల పాలయ్యాయి. దారి ఎక్కడ దొరికింది? ఆ కంపెనీ సీనియర్ ఇంజనీరు ఇంటి కంప్యూటర్‌లో ఉన్న మీడియా ప్రోగ్రామ్‌లో. 2020లోనే ప్యాచ్ వచ్చిన లోపమది. ఆ వాల్టుల్లో వెబ్‌సైట్ల అడ్రసులు ఎన్‌క్రిప్ట్ చేయకుండానే ఉన్నాయి.

కాలం తీరడం కూడా లెక్కలోకి వస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కాబట్టి బాగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు చాలా దానికి అర్హత లేకుండా మిగిలాయి. అలాంటి కంప్యూటర్‌కి ప్యాచ్‌లు వచ్చే లినక్స్ డిస్ట్రో, ప్యాచ్‌లు ఆగిపోయిన విండోస్ కన్నా నిస్సందేహంగా భద్రం. ఇందులో లైసెన్స్ సిద్ధాంతం ఏమీ లేదు. అలాగే పట్టించుకునేవాళ్లు లేక మూడేళ్లుగా కొత్త విడుదలే లేని ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ కన్నా, నెలనెలా ప్యాచ్ వచ్చే ప్రొప్రయిటరీ ప్రోగ్రామే నయం.

ఏ పనికి ఏది?

రహస్యాలు దాచే సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం తక్కెడ స్పష్టంగా తెరిచిన కోడ్ వైపే మొగ్గుతుంది. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని ప్రముఖ ఎస్‌ఎస్‌డీల ఫర్మ్‌వేర్‌ని విడగొట్టి చూస్తే, కొన్నిటిలో యూజర్ పెట్టిన పాస్‌వర్డ్‌కీ డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే తాళంచెవికీ సంబంధమే లేదని తేలింది. పాస్‌వర్డ్ అడగడం ఉత్త నాటకం. విండోస్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ అప్పట్లో ఇలాంటి ఎస్‌ఎస్‌డీ దొరికితే ఎన్‌క్రిప్షన్ పనిని దానికే అప్పగించి ఊరుకునేది. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మార్చి, సాఫ్ట్‌వేర్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసేలా చేసింది. అప్పటిదాకా కోడ్ చూడలేని యూజర్‌కి తన డిస్కు నిజంగా ఎన్‌క్రిప్ట్ అయిందో లేదో తెలుసుకునే మార్గమే లేదు. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే ట్రూక్రిప్ట్ తయారీదారులు 2014లో ఉన్నట్టుండి చేతులెత్తేసినా, కోడ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి స్వతంత్ర ఆడిట్ కొనసాగింది, వెరాక్రిప్ట్ రూపంలో ఆ పనీ ఆగలేదు. అయినా ల్యాప్‌టాప్ పోతుందన్న భయమే అసలు కారణమైతే, ఏమీ లేకుండా వదిలేయడం కన్నా బిట్‌లాకర్ ఆన్ చేసుకోవడం వందరెట్లు మేలు. రికవరీ కీ మాత్రం వేరేచోట భద్రపరుచుకోవాలి.

బ్రౌజర్‌కి లైసెన్స్ కన్నా ప్యాచ్ వేగమే ముఖ్యం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఆ విషయంలో బాగానే ఉంటాయి. ఒకరిద్దరు నడిపే క్రోమియం ఆధారిత చిన్న బ్రౌజర్లతో చిక్కేమిటంటే, అసలు క్రోమియంలో లోపం మూసేసినా అక్కడికి అది చేరడానికి రోజులు పడుతుంది. ఆ మధ్యకాలంలో లోపం ఎక్కడుందో ప్రపంచమంతటికీ తెలిసిపోయి ఉంటుంది. ఇక యాంటీవైరస్ దగ్గర, విండోస్ వాడేవాళ్లకి దాంతో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. కంప్యూటర్ మొత్తం మీద అధికారం అడిగే మరో మూసిన ప్రోగ్రామ్‌ని తెచ్చిపెట్టుకుంటే రక్షణ ఎంత పెరుగుతుందో చెప్పలేం కానీ, నమ్మాల్సిన కంపెనీల సంఖ్య మాత్రం తప్పకుండా పెరుగుతుంది.

పాస్‌వర్డ్ మేనేజర్‌గా కీపాస్ కుటుంబం, బిట్‌వార్డెన్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములే ముందు చూడదగ్గవి. వాటిలోనూ లోపాలు వస్తాయి: 2023లో కీపాస్ 2లో మాస్టర్ పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు దాని అక్షరాల ఆనవాళ్లు మెమొరీలో మిగిలిపోతున్నాయని బయటపడింది, 2.54 వెర్షన్‌తో సరిచేశారు. అదే ఫైలుని తెరవగల కీపాస్‌ఎక్స్‌సీకి ఆ లోపం లేదు కాబట్టి, కావాలనుకున్నవాళ్లు ఆ రోజే దానికి మారిపోగలిగారు. ఫైలు ఫార్మాట్ కూడా బహిరంగంగా ఉండటం వల్ల కలిగే సౌకర్యమిది. ఇప్పటికే మూసిన పాస్‌వర్డ్ మేనేజర్ వాడుతున్నవాళ్లు హడావుడిగా మారాల్సిన పని లేదు. అందులో ఎక్స్‌పోర్ట్ సదుపాయం ఉందో లేదో ముందు చూసుకోవాలి. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు చాలాసార్లు ఏ ఎన్‌క్రిప్షనూ లేకుండా మామూలు అక్షరాల్లో వస్తుంది కాబట్టి, కొత్తదాంట్లోకి ఎక్కించగానే దాన్ని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ, ఆన్‌లైన్ బ్యాకప్ నుంచీ తీసేయాలి.